బరానర్సింగ్, సన్నాఫ్ రామ్మూర్తి

7 జూన్ 2025, శనివారం. కొరాపుట్

పొద్దున్నే నరేంద్ర మావయ్య ఫోన్. రాయగడ నుంచి ఆయన ఫోన్ చేశాడంటే నాకేదో పని పడ్డట్టే. అక్కడి తెలుగు సంఘం హాల్లో ఆగస్టు పదిహేనుకి ఒక శిలాఫలకం పెడుతున్నారట. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మనవాళ్ళ పేర్లు చెక్కిస్తారు. మా ముత్తాత, అంటే మావయ్యకి తాత, వరాహనరసింహం గారి పేరు మొదట ఉండాలని ఆయన పట్టు. సంఘం వాళ్ళు సర్వీసు నంబరూ యూనిట్టూ అడిగారు. మావయ్య దగ్గర ఒక్క కాగితం లేదు. ఇంటర్నెట్‌లో చూడవే సాయీ, డాక్టరువి కదా అన్నాడు. పళ్ళ డాక్టర్ని మావయ్యా అన్నాను. ఏ డాక్టరైతే ఏటే, ఇంగ్లీషు వచ్చు కదా అన్నాడు.

ముత్తాత కథ మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. ఆయన తండ్రి రామ్మూర్తి పంతులు గారు జయపురం ఎస్టేటులో అమీను, అంటే శిస్తు వసూలు అధికారి, కాపురం బొయిపరిగుడలో. 1942లో కొడుకు పల్టనులో చేరాడు. కొన్నాళ్ళకి బదిలీ మీద తిరిగి వచ్చేశాడు. తర్వాత బొయిపరిగుడ గాలి పడక కుటుంబం రాయగడ మారింది. ఆయన పెద్దగా ఇల్లు కదిలేవాడు కాదట. 1969లో పోయాడు. యూనిఫారంలో ఫొటో లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

అమ్మ ఇవాళ పొద్దున్న బొట్టు లేకుండా కూర్చుంది. ఏడో తారీఖు కదా. అమ్మ వైపు ఆడవాళ్ళకి ఇదొక నోము. ప్రతి ఏడో తారీఖూ లేవగానే బొట్టు చెరిపి, గాజులు తీసి, తెల్లటి చీర కట్టుకుని కాసేపు వీధి గుమ్మంలో కూర్చుంటారు. తర్వాత పెరటి వైపు నుంచి ఇంట్లోకి వచ్చి, తలంటు పోసుకుని, మళ్ళీ బొట్టు పెట్టుకుంటారు. పెళ్ళయిన వాళ్ళకే. నాకు కాలేదు కాబట్టి బతికిపోయాను. తిథీ లేదు, వారమూ లేదు, ఇంగ్లీషు తారీఖు నోమేమిటని చిన్నప్పుడు అడిగితే అమ్మ మొట్టికాయ వేసింది. నాన్న మాత్రం ఆ పూట అమ్మ మొహం కనపడకుండా పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

12 జూన్

ఏమీ దొరకలేదు. వరాహ, వరాహం, నరసింహం, నరసింహమూర్తి, తోచిన స్పెల్లింగులన్నీ వేశాను. ఇంగ్లీషు వి తో మొదలయ్యే సిపాయిలంతా అయిపోయారు. రూట్ కెనాల్‌కి వచ్చినావిడ నోరు తెరుచుకుని కూర్చుంటే నేను ఫోన్ చూసుకుంటున్నాను. సిగ్గు లేదు నాకు.

21 జూన్

రికార్డు ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబిచ్చారు. సర్వీసు నంబరు పంపిస్తే వివరాలు వెతుకుతారట. ఆ నంబరు కోసమే కదా మహాప్రభో రాసింది.

మావయ్య రోజూ వాట్సాప్‌లో ఏమైందని ఒక ముక్క పెడుతున్నాడు. ఫలకానికి నల్లరాయి వచ్చేసిందట. ఫొటో కూడా పంపాడు.

29 జూన్, ఆదివారం

దొరికాడు. వి లో కాదు, బి లో.

యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లుండే సైటు ఒకటుంది. ఆయన యుద్ధంలో పోలేదు కాబట్టి అందులో వెతకాలని నాకు తట్టలేదు. ఇవాళ విసుగొచ్చి ఊరి పేరు కొట్టాను. ఒక్కటే పేరు వచ్చింది. బరానర్సింగ్, సన్నాఫ్ రామ్మూర్తి, బొయిపరిగుడ, జయపురం. పయనీర్ కోర్, అంటే రోడ్లు వేసే పల్టను. నంబరుంది. పోయిన తేదీ ఉంది, 1944 ఆగస్టు. ఇంఫాల్ వైపు ఎక్కడో ఒక స్మారకం మీద పేరు చెక్కారట.

వరాహనరసింహాన్ని బరానర్సింగ్ చేసిన గుమాస్తా ఒడియావాడై ఉంటాడు. వాళ్ళకి వ పలకదు, బ అంటారు. మా కారు డ్రైవరు బిజయ్ అసలు పేరు విజయ్ అని నా నమ్మకం. అంతవరకు సరే. కానీ 1944లో పోవడమేమిటి? అమ్మమ్మ చెల్లెలు 1947లో పుట్టింది. ఆయన పోయాక పుట్టిందా?

మావయ్యకి ఫోన్ చేస్తే పడీ పడీ నవ్వాడు. మా తాత చచ్చి బతికేడన్నమాట అన్నాడు. ఆఫీసుల్లో ఇలాటివి వెయ్యి జరుగుతాయట. ఉన్నట్టుండి నవ్వు ఆపేసి, నంబరూ యూనిట్టూ పంపించు, తేదీ మాత్రం ఎవరికీ చెప్పకు అన్నాడు. నవ్వు అలా ఆపడం నాకు నచ్చలేదు.

3 జూలై

ఆఫీసు తప్పు అనుకుంటే గొడవ వదిలిపోతుంది. అనుకోలేకపోతున్నాను.

13 జూలై, ఆదివారం. రాయగడ

పొద్దున్న రైల్లో వచ్చాను. అమ్మమ్మ శ్యామలాంబ మావయ్య దగ్గరే ఉంటుంది. ఎనభై ఏడేళ్ళు. వరాహనరసింహం గారి పెద్ద కూతురు. చెవులు బాగా పనిచేస్తాయి, మోకాళ్ళే పనిచేయవు. కట్టుడు పళ్ళు నేనే చేశాను. వదులయ్యాయని ప్రతిసారీ నన్ను తిడుతుంది.

మావయ్య సంఘం మీటింగుకి వెళ్ళాక అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో ఉన్నది చదివి వినిపించాను. బరానర్సింగ్ అన్నాను. అమ్మమ్మ పకాలున నవ్వింది. అంత చిన్నపిల్ల నవ్వు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. వ అను, వ, అంది. నాతో కాదు. ఎవరితోనో నాకు అర్థం కాలేదు. మరుక్షణం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను ఊరుకోలేదు. అడిగాను, బతిమాలాను, చివరికి కసిరాను కూడా. చెప్పింది.

బొయిపరిగుడ ఇంటి పెరట్లో వాళ్ళ తాత రామ్మూర్తి పంతులు గారు బెత్తం పట్టుకుని ఒక మనిషికి పేరు నేర్పించేవారట. ఆ మనిషి సొంబారు. ఎప్పటిదో అప్పు కింద వాళ్ళింట్లో చాకిరీకి ఉండేవాడు. అలాంటివాళ్ళని గొతి అనేవారు. పల్టనుకి మనుషులు కావాలని పైనుంచి హుకుం వచ్చింది. అమీను కొడుకే ముందు చేరితే మిగతావాళ్ళు వెనక వస్తారన్నారట. పంతులు గారు కొడుకు పేరు రాయించారు. కొడుకుని మేడ మీద గదిలో దాచారు. సొంబారుకి కొడుకు పేరు నేర్పారు. నీ పేరేమిటంటే వరాహనరసింహం అనాలి, తండ్రి పేరు రామ్మూర్తి అనాలి. వాడికి వ తిరగలేదు. అమ్మమ్మకప్పుడు నాలుగేళ్ళు. వాడి భుజాల మీద ఎక్కి కూచుని, వ అను, వ, అని నేనూ నేర్పేదాన్నమ్మీ అంది. తప్పు పలికినప్పుడల్లా తాత బెత్తంతో కొట్టేవారు, నాకదంతా ఆటలాగ ఉండేది అంది.

మరి ముత్తాత బదిలీ మీద తిరిగొచ్చాడంటారు కదా అన్నాను. బదిలీ అంటే ఆ బదిలీ కాదమ్మీ, వాడే మా నాన్నకి బదిలీ, అంది. మా నాన్న గుమ్మం దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, వాడు వెళ్ళేడు, మరి రాలేదు, అంది.

గేటు చప్పుడైంది. అమ్మమ్మ కళ్ళద్దాలు తీసేసి గోడ వైపు తిరిగి పడుకుంది.

14 జూలై, రైల్లో

తెరుబలి పొగగొట్టాలు దాటాక వాన పట్టుకుంది. పెట్టెలో అందరూ డొరగుడ ఫ్యాక్టరీకి డ్యూటీకి పోయేవాళ్ళే, టికిరిలో దిగిపోయారు.

గుమాస్తా తప్పు రాయలేదు. విన్నది విన్నట్టు రాశాడు. ఒక మనిషి ఎక్కడో ఒక బల్ల ముందు నిలబడి, తనది కాని పేరు, బెత్తంతో నేర్పిన పేరు, తనకి వచ్చినట్టు చెప్పాడు. అతని గురించి లోకంలో మిగిలిన కాగితం అదొక్కటే. అందులో అతనిదంటూ ఉన్నది ఆ ఒక్క బ. నాకు ఏడుపు వచ్చింది. ఎదుటి సీట్లో ఆవిడ పల్లీలు పెట్టింది.

22 జూలై

పోయాడన్న కబురు ఎక్కడికి వచ్చి ఉంటుంది? రామ్మూర్తి పంతులు గారి ఇంటికే. సొంబారు వాళ్ళ ఊరికి ఎవరైనా చెప్పారా? అమ్మమ్మకి ఫోన్ చేశాను. చెప్పలేదంది. ఎందుకు చెప్పలేదంటే నిద్రొస్తోందంది. పొద్దున్న పదింటికి నిద్రేమిటి.

7 ఆగస్టు, గురువారం

ఎదురింట్లోకి కొత్తగా దిగినావిడ క్లినిక్ మెట్ల దగ్గర నన్ను ఆపింది. గొంతు తగ్గించి, మీ నాన్నగారు ఎప్పుడు పోయారండీ, పాపం మీ అమ్మగారిని గుమ్మంలో చూశాను అంది. నాన్న లోపల పేపరు చదువుతున్నాడండీ అన్నాను. ఆవిడ ఖంగు తింది.

నేనింకా ఖంగు తిన్నాను. బొట్టు లేదు, గాజులు లేవు, తెల్ల చీర. చూసినవాళ్ళు విధవ అనుకోవాలి. అనుకోవాలనే కదా ఇదంతా!

క్లినిక్ తలుపు వేసుకుని అమ్మమ్మకి ఫోన్ చేశాను. పోయిన సిపాయి భార్యకి పెన్షను ఏ తారీఖున ఇచ్చేవారు అని అడిగాను. నీకు తెలిసిపోయిందేటమ్మీ, అంది.

ఏడో తారీఖునే. వాళ్ళమ్మ ఆ పొద్దున్న బొట్టు చెరిపి, గాజులు తీసి, తెల్ల చీర కట్టుకుని, పిల్లని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళేది. అమ్మాయి తండ్రేరీ అని ఎవరైనా అడిగితే, మా నాన్న యుద్ధంలో పోయేడండీ అనడం అమ్మమ్మ పని. అది కూడా పెరట్లోనే నేర్పారట. తిరిగి వచ్చేసరికి మా నాన్న ఉయ్యాల బల్ల మీద కూచుని చుట్ట కాలుస్తుండేవాడు, అంది. అమ్మ ఆయన కంట పడకుండా పెరటి దారిన వెళ్ళి, తలంటు పోసుకుని, బొట్టు పెట్టుకుని అప్పుడు ఇంట్లోకి వచ్చేది. రాయగడ మారింది గాలి పడక కాదు. బొయిపరిగుడలో అందరికీ ఆయన మొహం తెలుసు. ఆయన నిజంగా పోయిననాడు అమ్మ ఏడవలేదమ్మీ, ఏడుపు ముందే వాడేసింది, అంది.

మొగుడు బతికుండగా బొట్టు చెరిపిన పాపం ఒక్కదాన్నే మొయ్యలేనని, కూతుళ్ళూ కోడళ్ళూ తలా కాస్త పంచుకోమని వాళ్ళమ్మ చేతిలో చెయ్యి వేయించుకుందట. అదీ మా నోము.

సొంబారుకి పెళ్ళాం ఉండేదా అని అడిగాను. ఉండేది, వాడు వెళ్ళేటప్పటికి కడుపుతో ఉంది, అంది.

8 ఆగస్టు

అమ్మకి చెప్పేశాను. చెప్పక ఎలా ఊరుకుంటాను.

మొదట నమ్మలేదు. తర్వాత లేచి దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సాయంత్రం బయటికి వచ్చి, పెళ్ళైన దగ్గర్నుంచీ నా మొగుడు లోపల కూచుని ఉండగా నేను బయట ముండమోపి వేషం వేశానా, ఎవత్తె సొమ్ము కోసమే, అని అరిచింది. అమ్మ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నాన్న పేపరు కింద పడేసి వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు ఇచ్చాడు.

10 ఆగస్టు, ఆదివారం. రాయగడ

మావయ్యతో పోట్లాట. ఆయనకి సగం ముందే తెలుసు. ఆ రోజు ఫోన్‌లో నవ్వు ఆపినప్పుడే అనుకున్నాను.

ఆ పేరు చెక్కించొద్దన్నాను. పిలుపు కార్డులు అచ్చయిపోయాయి, కలెక్టరాఫీసు నుంచి కూడా పెద్దలు వస్తున్నారు, ఇప్పుడేటి చెప్పమంటావు అన్నాడు. అబద్ధం మావయ్యా అన్నాను. అబద్ధమేటే, ఆ పేరు యుద్ధంలో చచ్చిన మాట నిజమా కాదా, అన్నాడు. నాకు ఇంకా మండింది. ఆ సొంబారు మనుషులు ఎక్కడున్నారో వెతుకుతాను, వాళ్ళకి చెప్తాను అన్నాను. చెప్పి ఏటి ఒరగబెడతావు, ఎనభై ఏళ్ళ కిందటి శవాన్ని తవ్వుతావా అన్నాడు. అత్త వంటింట్లోంచి బయటికి రాలేదు.

15 ఆగస్టు

ఫలకం పెట్టేశారు. మొదటి పేరు మా ముత్తాతది. వ తో.

3 సెప్టెంబర్

వానలు. బొయిపరిగుడ అవతల కొండదారి కొట్టుకుపోయిందట. బిజయ్ సొంత ఊరు ఆ పక్కనే. సంతలో వాకబు చేస్తానన్నాడు.

19 అక్టోబర్, ఆదివారం

దొరికింది. సొంబారు కూతురు బతికే ఉంది. పేరు గురుబారి. ఊరి పేరు ఇక్కడ రాయను. వాళ్ళని అడగలేదు.

వీపు నిటారుగా ఉన్న ముసలావిడ. మేం వెళ్ళేసరికి చేటలో రాగులు చెరుగుతోంది. దేశియాలో మాట్లాడింది. అది అక్కడి కొండ ఊళ్ళ భాష, బిజయ్ తెలుగులో చెప్పాడు. నేను బట్టీ పట్టినట్టు మొత్తం చెప్పేశాను. ఫోన్‌లో పేరు చూపించాను. ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. చేట ఆపలేదు.

తండ్రిని ఆవిడ చూడలేదు. తల్లి కడుపులో ఉండగానే వెళ్ళిపోయాడు. అమీను దగ్గర అప్పు ఎగ్గొట్టి అస్సాం తోటలకి పారిపోయాడని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట వచ్చింది కూడా అమీను ఇంటి నుంచేనట. తర్వాత ఇంకొకడు తల్లిని చేసుకుంటానన్నాడు. వాళ్ళలో అది మామూలే. కానీ మొగుడు బతికుండగా చేసుకుంటే ఆ మొగుడికి తప్పు సొమ్ము కట్టాలి. లేని మనిషికి ఎలా కడతారు? పెద్దలు ఒప్పుకోలేదు. ఆవిడ ఒక్కత్తే ఉండిపోయింది. ఇత్తడి గాజులు చచ్చేదాకా చేతికే ఉన్నాయి, మొగుడు బతికున్నాడు కదా. బిజయ్ ఈ ముక్క చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

ఊరి మధ్య రాళ్ళున్నాయి. పోయినవాళ్ళకి తలో రాయి. సొంబారుకి లేదు. పారిపోయినవాడికి రాయి నిలబెట్టరు.

ఇప్పుడు నిలబెడతారా అని అడిగాను. గురుబారి అప్పుడు చేట కింద పెట్టింది. నువ్వెవరు, అంది. నువ్వు ఆయన్ని చూశావా అంది. బిజయ్ ఇలా చెప్పాడు. మేడమ్, ఈళ్ళ ఊర్ల కాయితం సెల్లదు. ఆ మనిషి ఏ ఇంటికాడ్నించి ఎల్లేడో, ఆ ఇంటోల్లు, ఆడి మొకం సూసినోల్లు, ఒచ్చి రాల్లకాడ నిలబడి సచ్చిపోయేడని నోటితో సెప్పాల. అప్పుడే సచ్చినట్టు. అప్పటిదాకా ఈ ముసల్దానికి ఆళ్ళ నాన్న పారిపోయినోడే.

చూసినవాళ్ళు లోకంలో ఒక్కరే మిగిలారు. మోకాళ్ళు పనిచేయని మనిషి.

25 అక్టోబర్

ఫోన్‌లో అంతా చెప్తే అమ్మమ్మ ఒక్క మాట అంది. తీసుకెళ్ళు.

మావయ్య ఫోన్ లాక్కున్నాడు. ఊరి మధ్య నిలబడి మా అమ్మ చేత దొంగలమని చెప్పిస్తావా అన్నాడు. ఈ వయసులో ఆ కొండల్లో ఏమైనా అయితే ఎవరిదే పూచీ అన్నాడు. ఆవిడ గుమ్మం దాటితే మరి ఈ గుమ్మం ఎక్కక్కర్లేదు అన్నాడు. కోపంలో అన్నాడు గానీ అన్నాడు.

9 నవంబర్, ఆదివారం

అమ్మ వెళ్ళింది. నాతో చెప్పకుండా బిజయ్ కారులో రాయగడ వెళ్ళి, అన్నగారి ఎదురుగా తల్లి చీరలు సంచిలో సర్ది, ఆవిడని కొరాపుట్ తీసుకొచ్చేసింది. మావయ్య గుమ్మంలోనే నిలబడ్డాడట, అడ్డు రాలేదట. అమ్మమ్మ దారి పొడుగునా నిద్రపోయింది. దిగగానే పళ్ళు వదులుగా ఉన్నాయని నన్ను తిట్టింది.

16 నవంబర్, ఆదివారం. సాయంత్రం

ఇవాళే రాసేయాలి.

కారు వెళ్ళినంత దూరం వెళ్ళి, అక్కడి నుంచి అమ్మమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. రాళ్ళ దగ్గర ఊరంతా చేరింది. గురుబారి అందరికన్నా ముందు నిలబడింది. అమ్మమ్మ కుర్చీలోంచి చెప్తుందనుకున్నాను. లేపమంది. అమ్మా నేనూ చెరో రెక్క పట్టుకున్నాం.

అమ్మమ్మ దేశియాలో మాట్లాడింది.

నేను బిత్తరపోయాను. అమ్మ కూడా. ఆ భాష ఆవిడకి వచ్చని మాకు తెలియదు. సొంబారు భుజాల మీద నేర్చుకున్న భాష. నాలుగేళ్ళ పిల్ల మాటలే వచ్చు, అవే చెప్పింది. కొన్ని తప్పు పలికింది. ఎవరూ నవ్వలేదు. బిజయ్ తర్వాత నాకు చెప్పాడు. నేను అమీను ఇంటి పిల్లని. మా తాత ఆయన్ని పంపేడు. మా నాన్న మేడ మీద దాక్కున్నాడు. ఆయన మా నాన్న చావు చచ్చేడు. కబురు మా ఇంటికి వచ్చింది. డబ్బు వచ్చింది, మేం తినేసేం. మీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, సొంబారు చచ్చిపోయేడు. ఇంతే చెప్పిందట.

గురుబారి, ఎలా ఉండేవాడు అని అడిగింది.

అమ్మమ్మకి మొహం గుర్తు లేదు. ఎప్పుడూ భుజాల మీదే కదా. నడినెత్తి గుర్తుంది. గురుబారి అదే చెప్పమంది. జుట్టు ఒత్తుగా ఉండేదా, సుడి ఏ పక్క ఉండేది, నూనె రాసేవాడా, అన్నీ అడిగింది. అమ్మమ్మ గాలిలో వేలితో సుడి చూపించింది. గురుబారి ఆ వేలినే చూసింది.

అప్పుడు ఏడ్చింది. నేను శవాల దగ్గర ఏడుపులు విన్నాను, ఇలాంటిది వినలేదు. మనవలున్న మనిషి, అప్పుడే తండ్రి పోయిన పిల్లలాగ నేల మీద పడి ఏడ్చింది. ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఇళ్ళల్లో పొయ్యిలు ఆర్పేశారు. కుండల్లో నీళ్ళు పారబోశారు. వాళ్ళకి సొంబారు ఇవాళ పోయాడు. అమ్మమ్మ నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

క్షమించడం లాంటిదేదో జరుగుతుందని నాలో ఒక వెధవ ఆశ ఉంది. జరగలేదు. పుష్య మాసంలో రాయి నిలబెడతామనీ, ఆ రోజు మా ఇంటివాళ్ళు వచ్చి చెయ్యి వెయ్యాలనీ పెద్దలు చెప్పారు. గురుబారి బిజయ్‌ని పక్కకి పిలిచి ఇంకొక మాట చెప్పింది. ఆ ముసలమ్మని మళ్ళీ తీసుకురావద్దు, చెప్పవలసింది చెప్పింది, అంతే చాలు, అని.

కారులో అమ్మమ్మ, ఏటందమ్మీ అని అడిగింది. ఏమీ లేదన్నాను. నాకు దేశియా వచ్చే, మర్చిపోయావా, అంది.

20 నవంబర్

మావయ్య నుంచి వాట్సాప్. అమ్మ బీపీ మాత్రల పేర్లు. ఇంకేమీ రాయలేదు.

7 డిసెంబర్

అమ్మ బొట్టు పెట్టుకునే ఉంది. అమ్మమ్మ చూసింది.

18 జనవరి 2026, ఆదివారం

రాయి చిన్నదే, నా నడుము ఎత్తు. కొండ మీద నుంచి దించడానికి చాలామంది పట్టారు. అమ్మా నేనూ కూడా చేతులు వేశాం. నా బరువు దానికి తెలిసి ఉండదు, కానీ వేశాం.

గోతిలో దించాక అది నిలబడలేదు. ఒక పక్కకి ఒరిగిపోతోంది. తీసి, మట్టి సర్ది, మళ్ళీ దించారు. మళ్ళీ ఒరిగింది. పెద్దాయన సొంబారూ, సొంబారూ అని పిలిచాడు. పోయినవాడు వచ్చి పట్టుకుంటే గాని రాయి నిలబడదట. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. గొయ్యి వెడల్పైంది, అంతే. ఊరంతా మా మొహాల వైపు చూస్తోంది. వీళ్ళు చెప్పింది నిజమేనా అన్నట్టు.

గురుబారి ముందుకు వచ్చింది. బిజయ్‌ని అడిగింది, అక్కడ ఆయన్ని ఏమని పిలిచేవాళ్ళో ఆ పేరు చెప్పమని. బిజయ్ నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఆవిడ పెద్దలతో అన్నది ఇది. రోజూ ఆ పేరుకే పలికి ఉంటాడు, ఆ పేరుతోనే చచ్చిపోయాడు. సొంబారు అని పిలిచినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆయనకి ఆ పేరే అలవాటైపోయి ఉంటుంది.

ఆవిడ రాయి మీద చెయ్యి వేసి వంగి, బరానర్సింగ్, అని పిలిచింది. ఇంట్లోకి రమ్మన్నట్టు. ఇంకొకసారి పిలిచింది. మగవాళ్ళు రాళ్ళు కూరి మట్టి తొక్కారు.

నిలబడింది.

అమ్మ నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. నేను మావయ్య మీద, ముత్తాత మీద, ఆ బెత్తం మీద పెట్టుకున్న కోపమంతా అక్కడ ఎందుకూ పనికిరాలేదు. ఇంటికొచ్చి అమ్మమ్మకి చెప్తే గోడ వైపు తిరిగి పడుకుంది.

9 ఫిబ్రవరి, సోమవారం

గురుబారి క్లినిక్‌కి వచ్చింది. బిజయ్ తీసుకొచ్చాడు. కింది దవడ పన్ను, పూర్తిగా పుచ్చిపోయింది. పీకేశాను. పైకి చూడలేదు, మూలగలేదు. దూది కరిచిపెట్టి, మాట్లాడొద్దన్నా వినకుండా బిజయ్‌తో ఒకటి చెప్పింది. ఈ సంగతి ఊళ్ళో అనొద్దట. మా నాన్న పోయి మూడు నెలలన్నా కాలేదు, అప్పుడే పన్ను నొప్పని పట్నం వచ్చేనంటే బాగోదు, అంది.